ప్రార్థన నూనె

సారు కారులో ఏసీ డిస్‌ప్లే నల్లబడిందని డ్రైవర్ సారపాకలోని షెడ్డుకు తెచ్చిండు. మెకానిక్ దాన్ని విప్పి, తల ఎత్తకుండానే అడిగిండు.

"లోపలంతా నూనె జిడ్డే. ఎట్ల దిగింది తమ్మీ?"

"కొత్త కారుకు ప్రార్థన పెట్టిండ్రన్నా. పాస్టరయ్య డ్యాష్‌బోర్డు మీద సీసా వంచిండు."

"మీ సారేమో నువ్వే ఖరాబు చేసినవని ఫోన్ల తిట్టె! చెప్పరాదు?"

"పాస్టరయ్య ఆయనకు పిల్లనిచ్చిన మామ."

"అయితేంది? నూనెతోనే పోయిందని బిల్లు మీద రాసిస్త. నీ కొలువు నిలుస్తది."

డ్రైవర్ బిల్లు బుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టిండు.

"వద్దన్నా. నేనే నీళ్లు ఒలకబోసిన్నని రాయి."

"పిచ్చి లేసిందా? రేపే తీసేస్తడు."

"తీసెయ్యనీ. వచ్చే నెల నా బిడ్డ పెండ్లి చెయ్యాల్సింది ఆ పాస్టరయ్యే. నూనె పేరెత్తితే చర్చి తలుపు తీస్తడా?"