ఫిబ్రవరిలో పుట్టిన బిడ్డ

నవ్వుతాండావా? నవ్వు, నవ్వు. ఈ రాతి కింద పండుకొని హాయిగా ఉండావు నువ్వు. నీ సమాధికి సున్నం కొట్టేది నేను, గడ్డి పీకేది నేను, ఊర్లో మాటలు పడేది కూడా నేనేనా శామూ?

రేపు సమాధుల పండగ. అందరూ పూలు, కొవ్వొత్తులు పట్టుకొని వస్తారు. వాళ్ల ముందర మొగునితో ఏం మాట్లాడేది? అందుకే ఈ పొద్దే వచ్చినా.

ఏం జరిగిందని అడగవేం? సరే, నేనే చెప్తా విను.

మన చర్చికి నూరేండ్లు నిండినాయని కుటుంబాల పుస్తకం అచ్చేస్తిమి. ఎవరెప్పుడు పుట్టిరి, ఎప్పుడు పెండ్లాయె, ఎప్పుడు ప్రభువులో నిద్రించిరి, అన్నీ అందులో. సంఘం కార్యదర్శి దాసన్న మామ ఇంటికొచ్చి, "ప్రసన్నా, నువ్వు నందికొట్కూరులో నెట్ సెంటర్లో పనిచేసినావంట కదా, నువ్వే ఎక్కించాలమ్మా" అనె. నాకెంత సంతోషమైందో! ఈ ఊరికి తిరిగొచ్చి నాలుగు నెల్లే. కోడలు పనిమంతురాలని అత్త నలుగురిలో చెప్పుకోవాలని నాకు మాత్రం ఉండదా?

మీ అమ్మ సంగతి నీకు నేను చెప్పాల్నా? నువ్వు పోయినంక నా మొగం చూడల్యా ఆయమ్మ. కాలు పెట్టిన ఏడాదికే కొడుకును మింగిందనె. కడుపుతో ఉండానని ఆయమ్మకు తెలియకముందే మా అన్న వచ్చి నన్ను నందికొట్కూరుకు, పుట్టింటికి తీస్కపోయె. కాన్పు ఆడనే, పాప నడక నేర్చింది ఆడనే. మూడేండ్లు కావస్తాంటే, మొన్న ఎండాకాలం ఏమనిపించెనో ఏమో, అత్తే బస్సెక్కి వచ్చె. పాప చెవులు పట్టుకొని "మా శామ్ చెవులే" అని బోరున ఏడ్చె. "నా కొడుకు బిడ్డ నా ఇంట్లో పెరగాల" అని తోడుకొని వచ్చె. ఆ మాట కోసరం ఎన్నాళ్లు కాచుకోనుంటినో నీకేం తెలుసు!

ఆఁ, తేదీల దగ్గరికొస్తాండా. చర్చికి ఎవరో కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చినారు. ఎక్సెల్ తెరిచి కూర్చుంటి. మనమెట్ల రాస్తాము? ముందు తేదీ, వెనక నెల. అట్లనే కొట్టుకుంట పోతి. ఆ మిషను మాత్రం ముందు నెల, వెనక తేదీ అని పెట్టుకోనుండాది. నాకేం తెలుసయ్యా? నెట్ సెంటర్లో మా ఓనరు అన్నీ సరిచేసి పెట్టింటాడు, నేనెప్పుడూ దాని జోలికి పోల్యా.

పాపది ఫిబ్రవరి పన్నెండు. 12/02 అని కొడ్తి. అది పన్నెండో నెల, రెండో తేదీ అనుకొనె. నీది జూలై ఇరవై. ఇరవయ్యో నెల యాడుంటాది? అందుకే దాన్ని ముట్టుకోల్యా, కొట్టింది కొట్టినట్లే ఇడిసిపెట్టె. కడాన చదివేవాళ్లకు బాగుంటాదని, నెలల పేర్లు వచ్చేటట్ల మారిస్తి. కొన్ని మారె, కొన్ని మారల్యా. మారనివి నేనే చేత్తో కొడ్తి. మారినవాటిని మళ్లా ఎవరు చూస్తారు? మన ఇంటి పేజీ వచ్చె. నీ పేరు పక్కన 'నిద్రించిన తేదీ' అని చూసేతలికి కండ్లల్లో నీళ్లు తిరిగె. బిరబిరా కిందికి జరిపేస్తి.

పుస్తకాలొచ్చె. ఇల్లిల్లూ పంచిరి. ఏం పడింది అందులో? శామ్, 2021 జూలై 20న ప్రభువులో నిద్రించెను. కూతురు షారోను, జననం 2022 డిసెంబరు 2.

మొగుడు పోయిన ఏడాదిన్నరకు బిడ్డ! ఊరు ఊరంతా లెక్క వేసుకొనె. పాప పుట్టినరోజు ఈ ఊర్లో ఇంకా ఒక్కటీ రాల్యా కదా, ఎవరికి తెలుసు అసలు తేదీ?

దాసన్న మామకూ అట్లనే అయింది తెలుసునా? పెండ్లికి ముందే పెద్దకొడుకు పుట్టినట్ల పడె. అందరూ పడీ పడీ నవ్విరి. ఆయప్పా నవ్వె. "కంప్యూటరు తిక్కతిక్కగా చేసిందప్పా" అనె. నా పేజీ కాడికొచ్చేతలికి ఎవ్వరికీ నవ్వు రాల్యా. అప్పుడు కంప్యూటరు తప్పు చేయదంట! "నీ చేత్తో నువ్వే కొట్టుకున్నావు కదమ్మా" అంటారు. ఏం న్యాయమయ్యా ఇది?

మీ అమ్మ తిట్టింటే బాగుండు. పుస్తకం ఒళ్లో పెట్టుకొని, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంట కూర్చొనె. జూలై, ఆగస్టు, సెప్టెంబరు... వేళ్లు అయిపోయె, మళ్లా మొదట్నుంచి. నా కండ్ల ముందరే! పాప మోకాలు పట్టుకొని "అవ్వా, బువ్వ" అంటాంటే, ఎత్తుకోల్యా శామూ. ఆ పొద్దు ఎత్తుకోల్యా.

నేను నెల తప్పింది నీకొక్కనికే తెలుసు కదా. మూడోనెల పడినంక ఇంట్లో చెప్దామనుకొంటి. ఇంతలో నిన్ను కడపలో కరోనా వార్డులో ఏసిరి. నన్ను లోపలికి ఇడవకపాయె. వీడియో కాల్లో చెప్తి. నీ మొగానికి మాస్కు, మాట రాల్యా. బొటనవేలు ఎత్తి చూపిస్తివి. నాకుండే సాక్ష్యం అదొక్కటే. దాన్ని తెచ్చి ఎవరికి చూపియ్యాల?

పుట్టిన సర్టిఫికెట్ తెచ్చి అత్త ముందర పెడ్తి. అద్దాలు పెట్టుకొని చదివె. మళ్లా కణుపులు లెక్కపెట్టె. ఈసారి సరిపాయె. "సరేలే" అని పాపను ఎత్తుకొనె. సరేలేనంట!

అంతటితో పోయిందా? పోయిన ఆదివారం పాస్టరు అయ్యగారు, పాపం మంచికే, ప్రసంగం అయిపోయినంక లేచి చదివె: "పుస్తకంలో దొర్లిన తప్పుల సవరణ. షారోను జననం, 2022 ఫిబ్రవరి పన్నెండు అని చదువుకోవలెను." చర్చి చర్చంతా వెనక్కి తిరిగి నన్ను చూసె. పుస్తకం తెరవనివాళ్లు కూడా ఇంటికి పోయి తెరిచినారు.

ఏమంటావు? నందికొట్కూరుకు పొమ్మంటావా? బ్యాగు కూడా సర్దితి. అయినా పోలేకపోతి. ఎందుకో చెప్పాల్నా? ఇది ఎవరికీ చెప్పల్యా, నీకే చెప్తాండా.

పుస్తకం చేతికొచ్చిన పొద్దు, డిసెంబరు అని చూసినానా... నాకు కంప్యూటరు గుర్తుకు రాల్యా. నొప్పులు పడింది నేను, కన్నది నేను. అయినా వంటింట్లో నిలబడి, నేనూ బొటనవేలు కణుపు మీద పెట్టినా శామూ. జూలై, ఆగస్టు, సెప్టెంబరు అని లెక్కపెట్టినా.

ఇంక మీ అమ్మను ఏ మొగం పెట్టుకొని తిట్టేది?

జరుగు కొంచెం. తలకాడ ఇంకా సున్నం పడల్యా.