వాల్టర్ ఆర్మరాడ్ సిలిండరు

ఆ ఫోటోలో టోపీ పెట్టుకున్నాయనా? మీ తాతయ్యేనే జెమ్మా, వాల్టర్ ఆర్మరాడ్. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకెలా తెలుస్తుందిలే. కూర్చో, ఆ పిల్లిని దించెయ్, ఏమీ అనదు. పగలంతా రాచ్‌డేల్ మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు, సాయంత్రం బొటనవేలంత డీజిల్ ఇంజన్లు విప్పుకుని కూర్చునేవాడు. బొమ్మ విమానాలకి పెట్టేవి, యుద్ధం అయిపోయిన కొత్తలో చేసిన పాతవి. కంపెనీవాడిచ్చింది ఇచ్చినట్టు ఉంచితే ఆయనకి నిద్రపట్టదు. సిలిండరులో గాలి దారులు వెడల్పు చెయ్యడం, పిస్టను బిగువుగా కూర్చునేలా నూరడం, ఒకటే గొడవ. వాటికి పోసేదాంట్లో ఆముదం కలుపుతారు కదా, ఇల్లంతా అదే కంపు. "ఆ కోటు బయట తగలేసి లోపలికి రా" అని మీ నానమ్మ గుమ్మంలోనే ఆపేసేది. మనిషి మంచిదేలే, కోపం ముక్కుమీద ఉండేది.

ఆఁ, ఏం చెప్తున్నా? చేతులు. డెబ్భై దాటాక చేతులు వణకడం మొదలెట్టాయి. ఆ ఇంజనుకి తాళంచెవీ గట్రా ఉండదమ్మా, ముందున్న పంకా రెక్కని వేలితో ఠక్కున కొట్టాలి, అప్పుడు అంటుకుంటుంది. ఎవరి ఇంజను వాళ్ళే కొట్టుకోవాలి, ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు, విమానాలు ఎగరేసే మా క్లబ్బు మైదానంలో అది పట్టింపు. ఆ ఏడు మొదటి ఆదివారం అరగంట కొట్టాడు. వేలు చిట్లి రక్తం కారుతోంది, ఇంజను దగ్గనైనా దగ్గలేదు. ఎవడో కుర్రాడు "పెద్దాయనా, మోటారు పెట్టి తిప్పనా?" అన్నాడు పాపం, మంచికే. మీ తాతయ్య వాడివంక చూడనుకూడా లేదు. "వచ్చే వారం కూడా అంటుకోకపోతే క్లబ్బులో నా పేరు కొట్టేయండి" అన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి కదా, ఇంజను నా చేతిలో పెట్టి, "కడిగి తీసుకురారా క్లెమ్" అని వెళ్ళిపోయాడు.

కడగలేదు నేను. మూడు చలికాలాలు కూర్చుని ఆయన నూరుకున్న సిలిండరూ పిస్టనూ ఊడబీకి, కంపెనీవాళ్ళ మామూలువి వేసేశాను. మెత్తగా తిరుగుతాయి, చంటిపిల్లాడు కొట్టినా అంటుకుంటాయి. ఎవరికీ చెప్పలేదు. దొంగతనమే, ఇంకేమంటావు దాన్ని?

ఆదివారం రెండో దెబ్బకే అంటుకుంది. అందరూ చప్పట్లు. నేను మాత్రం ఆ చప్పుడే వింటున్నాను. ఆయన చేసిన ఇంజను కందిరీగలా కీచుమనేది, ఇదేమో బొంగురుగా గుర్రుమంటోంది. ఆయనకి తెలియదూ? ఒక్క క్షణం అలాగే వంగి విన్నాడు. వెళ్ళి విమానానికి కట్టిన తీగ పట్టుకున్నాడు. విమానం ఆయన చుట్టూ నిదానంగా తిరిగింది, నిదానం కాబట్టే చెయ్యి వణికినా పడిపోలేదు. నూనె అయిపోయేదాకా తిప్పాడు.

తర్వాత గుడ్డతో ఇంజను తుడుస్తూ నా దగ్గరికొచ్చాడు. "నాది ఎక్కడ పెట్టావురా?"

"ఇంట్లోనే ఉందండీ, డబ్బాలో. తప్పయిపోయింది. రాత్రికే మళ్ళీ వేసేస్తాను."

"వద్దులే" అన్నాడు. గుడ్డ జేబులో పెట్టుకుని, "పని బాగా చేశావు" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని ఇంజన్లు అరగదీశానమ్మా. ఒక్కరోజు ఆ మాట అనలేదు. ఆయన పని ఊడబీకినందుకు అన్నాడు. కారు వెనక్కి వెళ్ళి ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆ వేసవంతా ఒక్క ఆదివారం మానకుండా వచ్చాడు. అక్టోబరులో పోయాడు...

టీ చల్లారిపోయింది. ఇలా ఇవ్వు, వేరేది పెడతాను.