మూడో కాపీ దాకా పడాలి

హలో… ఆ, నేనే, మీ వదిన్ని. షాపులోంచి మాట్లాడుతున్నా.

… తిన్నాను. … తిన్నానంటున్నాగా బాబూ.

ప్రింటరు గురించి చేశా. … ఆ, మీ అన్నయ్యదే, టకటకా కొట్టేది. కొత్త కంప్యూటరు దాన్ని గుర్తుపట్టట్లేదు.

… పాత సామాను వాడికి ఇచ్చేయడమేంటి? లారీ ఆఫీసు బిల్లులు మూడు కాపీలు పడాలి. కొత్త ప్రింటరు పై కాగితం మీద వేసి ఊరుకుంటుంది, కార్బన్ దాకా దిగదు. … సాయంత్రానికి ఇవ్వకపోతే వేరే చోట చూసుకుంటామన్నారు. మిగిలింది ఆ ఒక్క గిరాకీనే. అదీ పోతే షట్టరు దించేయడమే.

… సరే, చెప్పు. … సెట్టింగ్స్… ప్రింటర్లు… వెతుకుతోంది… తిరుగుతూనే ఉంది… లేదంటోంది. … ఆ, కింద ఉంది, మనమే పెట్టుకోమని. నొక్కా.

… పోర్టు అడుగుతోంది. మొదటిదే పెట్టా. … కాదా? … ఓహో, వైరు చివర యూఎస్‌బీ ముక్క తగిలించాంగా. మార్చా.

… కంపెనీ ఉంది. మోడలు… మనది లేదు. … దాని అన్నదమ్ములెవరైనా పర్లేదా? … సరే, దగ్గరి నంబరు పెట్టా. టెస్ట్ పేజీ నొక్కుతున్నా.

… వినపడుతోందా? కొడుతోంది!

… ఆగు. … తెల్లగా వచ్చింది. గుచ్చినట్టు గుంటలున్నాయి, అంతే. … మూత తీశా. … రిబ్బన్ లేదు.

… అవును, మర్చేపోయా. ఎండిపోతుందని రోజూ షాపు కట్టేటప్పుడు తీసి, కవర్లో చుట్టి, క్యారియర్ సంచిలో వేసుకొచ్చేవారు. అన్నం సంచికి సిరా ఏంటని నేను తగువేసుకునేదాన్ని. … ఆ రోజూ తీసే ఉంటారు. షట్టరు వేశాకే కదా మీ అన్నయ్య పడిపోయింది.

… సంచి ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. ఇక్కడే, తలుపు వెనక తగిలించా. ఇంట్లో పెడితే పిల్లలు చూస్తారని. … లేదు, విప్పలేదు. … నువ్వొచ్చేసరికి సాయంత్రమైపోతుంది. వద్దు. లైన్లో ఉండు, చాలు.

…

కళ్ళజోడు. … చొక్కా. కత్తెరతో కోసేశారు, గుండీల పక్కనుంచి. … క్యారియర్. … ఆ, ఉంది. కవర్లోనే.

… పెట్టా. … పడుతోంది. … ఉండు, కింది కాగితం చూడనీ… మూడోదాని మీద కూడా పడింది బాబూ.

… నువ్వెందుకు ఏడుస్తావు? ఊరుకో. … నాకా? రావట్లేదు. లోపల ఏమీ కదలట్లేదు. అప్పుడప్పుడు భయమేస్తోంది, ఇలాగే ఉండిపోతానేమోనని.

… ఒక్క నిమిషం, ఎవరో వచ్చారు. … ఆ, రండి, తెరిచే ఉంది. … ఆయనా? లేరండీ. … ఎప్పుడొస్తారా…

…

రారండీ. నేనే చేసిస్తాను. ఏం కావాలి?

… బాబూ, పెట్టేస్తున్నా.