ఆరో నంబరు ఎలుక

నా పేరు జొన్నకూటి కృపారాణి. భర్త పేరు ఎజ్రా. వయస్సు నలభై ఏడేళ్లు. తణుకు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకల గదికి అటెండరును. పదకొండేళ్ల నుంచి ఇదే పని. గదిలోంచి ట్రాన్స్‌మీటరు పోయిందని నా మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఎస్.ఐ. ఉమాశ్రీ గారు అడగ్గా చెబుతున్నాను.

గుండె మందు పరీక్షకు మా గదిలో ఎనిమిది ఎలుకలు ఉన్నాయి. ఒక్కోదాని పొట్టలో చింతగింజంత ట్రాన్స్‌మీటరు పెట్టి కుట్టారు. ఎలుక గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది కంప్యూటరుకు పంపుతుంది.

మంగళవారం ఉదయం 10.20కి ఆరో నంబరు ఎలుక కదలలేదు. చేత్తో పట్టుకున్నాను. చల్లగా, బిగుసుకుపోయి ఉంది. తలెత్తి చూస్తే తెర మీద ఆరో గడిలో 312. మళ్లీ ఎలుకను చూశాను. మళ్లీ తెరను చూశాను.

పరిశోధన చేస్తున్న మణిశంకర్ గారిని పిలిచాను.

"సార్, ఆరోది చచ్చిపోయిందండి."

"గుండె కొట్టుకుంటోందని మిషను చూపిస్తోంది కదండీ. మత్తుగా పడుంది. ముట్టుకోకండి" అన్నారు.

ఆయన పీహెచ్‌డీ. నేను పదో తరగతి. పొరపాటు నాదేమో అనుకున్నాను. 11.45కి చూశాను. చల్లగానే ఉంది. తెర మీద 318. 1.10కి చూశాను. చీమలు పట్టాయి. తెర మీద 309. నా వేళ్లకే స్పర్శ పోయిందేమోనని ఏడో నంబరు ఎలుకను పట్టుకున్నాను. అది వెచ్చగా ఉంది. నన్ను కరిచింది.

సాయంత్రం ఐదుకు ఆరోదాన్ని పసుపు కవరులో పెట్టి, నంబరూ తేదీ రాసి, ఫ్రీజరులో పెట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

బుధవారం ఆరో బోనులో ఎలుక తిరుగుతోంది. పొట్ట మీద కుట్టు లేదు.

"కుట్టేదండి?"

"మానిపోయిందండి" అన్నారు.

ఒక్కరోజులో కుట్టు మానడం నేనెప్పుడూ చూడలేదు. అయినా సరేనన్నాను.

గురువారం మూడింటికి పరీక్ష ముగిసి ట్రాన్స్‌మీటర్లు బయటికి తీస్తే ఏడే ఉన్నాయి. ప్రిన్సిపాల్ వీరబ్రహ్మం గారు, "తాళం నీ దగ్గరేగా ఉండేది. ఎక్కడ పెట్టావు?" అన్నారు. మణిశంకర్ గారు పక్కనే ఉన్నారు. ఎలుక చచ్చిపోయిందందామంటే, బతికే ఉందని మిషను చెప్పింది.

శుక్రవారం ఎస్.ఐ. గారు అడిగాక ఫ్రీజరు చూపించాను. పశువుల డాక్టరు గారు కోస్తే ట్రాన్స్‌మీటరు ఎలుక పొట్టలోనే ఉంది. అప్పుడు మణిశంకర్ గారు చెప్పారు: "మంగళవారం పొద్దున్నే ఆరోది చచ్చి ఉండటం చూసి, దాని సోమవారం రికార్డునే తెర మీద మళ్లీ నడిపించాను మేడమ్. బోనులో వేరే ఎలుకను పెట్టాను. ఒక్కటి చచ్చినా మందు ఫలితం పాడైపోతుంది."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామని ప్రిన్సిపాల్ గారు అన్నారు. నాకు మాత్రం ఏమీ తేలలేదు. ఆ గదిలోంచి వెళ్లిన అంకెల్లో ఎన్ని నిజమో తెలియదు. మా ఆయన మూడేళ్లుగా గుండె బిళ్ల వేసుకుంటున్నారు. నిన్న సాయంత్రం బిళ్ల తీసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నారు.

"ఏం లేదండి" అని ఇచ్చాను. ఇవ్వక ఏం చేయాలో తెలియలేదు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసిందీ, విన్నదీ ఇంతే. ఇందులో కల్పించింది లేదు.

(సంతకం)
జొన్నకూటి కృపారాణి