తెలుగులో పెద్ద డి లేదు

పంతొమ్మిది వందల తొంభై రెండు జూన్ పదిహేనవ తేదీ సోమవారం ఉదయం, మూడు నెలల తాత్కాలిక టైపిస్టు నియామక పత్రాన్ని చేతబట్టుకొని మన శ్రవ్య గ్రంథాలయంలో అడుగుపెట్టిన ఇరవయ్యారేళ్ళ యువతి, ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, కంప్యూటర్ విభాగాధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. తాత్కాలికంగా వచ్చి శాశ్వతంగా నిలిచిన ఆమె, తన ఉద్యోగ జీవితంలో అధికభాగాన్ని తాత్కాలికమైన వాటిని ఊడ్చిపారేయడానికే వెచ్చించారని మనవాళ్ళు వేళాకోళం చేస్తుంటారు. మనమందరం పిలుచుకునే 'పదిరోజుల మేడమ్' అన్న పేరు అలా వచ్చినదే. శబ్ద సంకలన విభాగంలో ఇరవై ఏళ్ళుగా చదువరుల దగ్గులనూ తుమ్ములనూ కత్తిరిస్తూ 'కత్తెర' అనిపించుకుంటున్న ఈ వ్యాసకర్త, ఆమెను గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంచిక సంఘంవారు కోరగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. రాయవలసివచ్చేది ఇదని అప్పటికి అతనికి తెలియదు.

చూపులేనివారి కోసం పుస్తకాలను చదివి రికార్డు చేసే మన సంస్థలో ఆనాడు అన్నీ క్యాసెట్లే. ఆ క్యాసెట్ల మీద అంటించే చీటీలను టైపు చేయడం ఆమె తొలి బాధ్యత. తొంభై ఎనిమిదిలో మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు, ముట్టుకుంటే ఏమవుతుందోనని తక్కిన సిబ్బంది ఆమడ దూరాన నిలబడగా, ఆమె మాత్రం దానితోపాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళి రెండు నెలల్లో నమిలి మింగారు. రెండువేల మూడులో రికార్డింగులన్నిటినీ లినక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్ యంత్రం మీదికి మార్చిన ఘనత ఆమెదే. ఆ పనికి ప్రత్యేకంగా ఎవరినీ నియమించలేదు. ఆమె చేస్తున్నారు కాబట్టి అది ఆమె పని అయింది, అంతే.

చదువరి ఒక గంట చదివితే యంత్రం తన సౌకర్యం కోసం దాని చుట్టూ గుప్పెడు చిత్తు ఫైళ్ళు పోగుచేసుకుంటుంది. వాటిని తీసేవారు లేక డిస్కు నిండిపోయి, ఒకసారి ఒక నవలలో కథానాయిక తలుపు తీయబోతూండగా రికార్డింగు ఆగిపోయింది. అప్పటివరకు ప్రతి శుక్రవారం చేత్తో శుభ్రం చేస్తూ వచ్చిన ఆమె, ఆ తరువాత ఆ భారాన్ని యంత్రానికే అప్పగించారు. ఫైళ్ళను దాచే అరలాంటి ఒక్కొక్క డైరెక్టరీకి ఒక్కొక్క పంక్తి: యంత్రం మొదలవగానే దేనిని సృష్టించాలి, అది ఎవరిది, లోపలికి ఎవరు వెళ్ళవచ్చు, లోపలివాటికి ఎన్ని రోజుల ఆయుష్షు. యంత్రం రోజుకొకసారి ఆ పంక్తులు చదువుకొని, గడువు తీరినవాటిని తానే ఊడ్చేస్తుంది. మామూలు చిత్తు ఫైలుకు ఆమె ఇచ్చిన ఆయుష్షు పది రోజులు. ఆ ఊపులో కార్యాలయం ఫ్రిజ్ మీద కూడా 'పది రోజులు దాటిన డబ్బాకు పూచీ లేదు' అని కాగితం అంటించి, ఆ నియమం కింద సాక్షాత్తు డైరెక్టర్ గారి డబ్బానే పారేసి, ఆయన నోరు తెరిచి చూస్తుండగా ఖాళీ డబ్బా కడిగి చేతిలో పెట్టారు. ఆమె అత్తగారు ఒకసారి మన వార్షికోత్సవానికి వచ్చి, "మా కోడలు ఇంట్లోనూ వయసు చూసే పారేస్తుందమ్మా, నా వంక చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది" అంటే నవ్వనివారు లేరు.

తన తరువాత వచ్చేవారు ఇబ్బంది పడకూడదని, ఈ ఏర్పాట్లన్నిటినీ ఆమె ఒక పొడుగాటి నోటుపుస్తకంలో, గుండ్రని అక్షరాలతో, పూర్తిగా తెలుగులో రాసిపెట్టారు. తాను లేనప్పుడు చూసుకోవడానికి ఈ వ్యాసకర్తకు కొంత నేర్పారు. ఆమె నేర్పే పద్ధతి విచిత్రం. జవాబు చెప్పరు. తప్పును ఎదురుగా పెట్టి, "ఎక్కడుందో నువ్వే చెప్పు" అని చేతులు కట్టుకు కూర్చుంటారు.

ఇక మాస్టారి సంగతి. పాఠశాలలో భాషోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మాస్టారు, ఎన్నో ఏళ్ళుగా మన దగ్గర ఉచితంగా పుస్తకాలు చదివేవారు. పదకొండేళ్ళ క్రితం ఆయన గొంతులో కంతి ఉందనీ, శస్త్రచికిత్స తరువాత మాట ఉండదనీ వైద్యులు చెప్పారు. ఆయన వారిని బతిమాలి ఏడు నెలలు గడువు తీసుకొని, నక్షత్రాలను గురించి సామాన్యుల కోసం రాసిన తొమ్మిది వందల పుటల గ్రంథాన్ని, నలభై ఆరు అధ్యాయాలనూ, మన స్టూడియోలో కూర్చుని చదివి ముగించారు. పుట్టినప్పటి నుంచీ ఆకాశాన్ని చూడనివారికి ఆకాశం వినిపించాలన్నది ఆయన పట్టుదల. ఆ మర్నాడే ఆసుపత్రిలో చేరారు. అంటే ఆ నలభై ఒక్క గంటల రికార్డింగే మాస్టారి కంఠానికి మిగిలిన ఏకైక నిలయం.

అది ఇంకా సంకలనం కాని ముడిసరుకు గనుక తాత్కాలిక విభాగంలోనే ఉంది. తాత్కాలికమైనవాటికి నకళ్ళు తీయకూడదన్నది మేడమ్ నియమం. ముడి రికార్డింగులకు పది రోజులకన్నా చాలా ఎక్కువ గడువే ఉన్నా, అదీ దగ్గరపడుతున్నందున, కుమార్తె ప్రసవానికి సెలవుపై వెళుతూ ఆమె, "ఆ లైను తీసేసి నోటుబుక్కులో ఉన్నట్టు కొత్తది రాయి, రోజుల దగ్గర అడ్డగీత పెట్టు, గడువు లేదని అర్థం, ఇక దాని జోలికి ఎవరూ పోరు" అని ఈ వ్యాసకర్తకు చెప్పారు. నోటుపుస్తకంలో పంక్తి మొదట 'డి' అని ఉంది. ఇంగ్లీషులో ఆ అక్షరం రెండు రూపాల్లో ఉంటుంది. యంత్రానికి చిన్న డి అంటే డైరెక్టరీని ఉంచమని. పెద్ద డి అంటే ఉంచమనీ, కానీ యంత్రం ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ లోపలున్నదంతా ఖాళీ చేయమనీ. పంక్తి మొదటి అక్షరం పెద్దదిగా రాయాలని చిన్నప్పుడు బడిలో చెవి మెలిపెట్టి నేర్పిన పాఠం ఈ వ్యాసకర్త వేళ్ళలో ఉంది. అతను పెద్ద డి కొట్టాడు. అప్పుడేమీ కాలేదు. రెండేళ్ళుగా ఆ యంత్రం ఒక్కసారీ ఆగలేదు మరి.

మేడమ్ సెలవు ముగించుకొని వచ్చారు. ఈ వ్యాసకర్త తన సెలవుపై ఊరు వెళ్ళాడు. అతను తిరిగివచ్చిన ఉదయం, మెట్ల కింద పాత స్విచ్చుబోర్డు మారుస్తున్న ఎలక్ట్రీషియన్ తీయకూడని తీగ తీశాడు. యంత్రం ఆగింది, వెంటనే మళ్ళీ మొదలైంది. స్టూడియోలో ఒక చదువరి ఏమీ జరగనట్టు అరగంట చదివారు. పదిగంటలకు కాఫీ కప్పు పక్కనపెట్టి ఈ వ్యాసకర్త మాస్టారి డైరెక్టరీ తెరిచాడు. ఏమీ లేదు. మూసి తెరిచాడు. ఏమీ లేదు. నడవా చివర ఉన్న మేడమ్ గది గుమ్మంలో నిలబడి చేత్తో సైగ చేశాడట; అది అతనికి గుర్తులేదు.

ఆమె తెర వంక ఒక్కసారి చూసి, "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. ఆపెయ్ మిషన్ని" అన్నారు. "మేడమ్, నేనే, నేను..." అని అతను మొదలుపెడితే, "నోరు మూసుకుని స్క్రూడ్రైవర్ తీసుకురా" అన్నారు. తొలగించిన ఫైలు వెంటనే మాసిపోదు. దాని చోట మరొకటి వచ్చి పడేదాకా జాడ మిగిలే ఉంటుంది. ఆ డిస్కును బయటికి తీసి, దాని నకలు తయారుచేసి, తొమ్మిది రోజులపాటు ముక్క ముక్కగా వెతికి, నలభై మూడు అధ్యాయాలను ఆమె వెనక్కి తెచ్చారు. మిగిలిన మూడు, ఆ అరగంట చదువు కింద నలిగిపోయాయి. ఇక రావు.

విచారణ జరిగింది. "ఆ నియమం నాది, ఆ నోటుపుస్తకం నాది. తెలుగులో పెద్ద డి లేదు, చిన్న డి లేదు. ఏ డి అన్నది నేను రాయలేదు. తప్పు నాదే" అని ఆమె లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చారు. టైపు చేసింది ఎవరన్నది అందులో లేదు. ఎవరూ అడగలేదు, ఆమే అనుకున్నారు. ఫలితంగా ఆమె పదోన్నతి మూడేళ్ళు నిలిచిపోయింది. తరువాత ఆమె మాస్టారి ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడి మూడు అధ్యాయాలు పోయాయని చెప్పారు. ఆయన పలక తీసుకొని రెండే మాటలు రాశారు: "నువ్వు చదువు." అంతవరకు మైకు ముందు ఒక్కసారైనా కూర్చోని మేడమ్, ఆ మూడు అధ్యాయాలూ చదివారు. నేటికీ ఆ పుస్తకం అలాగే వినిపిస్తోంది: మాస్టారి గొంతు మధ్యలో మూడుచోట్ల ఆమె గొంతు.

పదకొండేళ్ళుగా ఈ వ్యాసకర్త ఆమెను దేవతలా చూశాడు. గత వారం, అట్టపెట్టెలు సర్దుకుంటున్న ఆమె గదికి వెళ్ళి, గుండె చిక్కబట్టుకొని విషయం కదిపాడు.

"మేడమ్, సంచికలో ఆ సంగతి రాసేస్తాను. ఇక మొయ్యలేను. తప్పు నాది, మీరు నెత్తినేసుకున్నారు."

"ఎవరు చెప్పారు నెత్తినేసుకున్నానని?" అన్నారామె, పెట్టెకు టేపు అంటిస్తూనే. "కూర్చో. సెలవు నుంచి వచ్చిన రోజే ఆ లైను చూశాను. పెద్ద డి కొట్టావని చూడగానే తెలిసింది."

"ఏ రోజు?"

"కరెంటు పోవడానికి పన్నెండు రోజుల ముందు."

"మరి దిద్దలేదా?"

"దిద్దలేదు. ఒక్క అక్షరం, ఎంతసేపు? కానీ నువ్వు ఊళ్ళో లేవు. రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, తప్పెక్కడుందో చెప్పు చూద్దాం అందామనుకున్నా. అప్పుడు నువ్వు మొహం ఎలా పెడతావో చూడాలని సరదా. రెండేళ్ళుగా ఆగని మిషను ఈ పన్నెండు రోజుల్లో ఆగుతుందా అనుకున్నా." ఆమె టేపు కింద పెట్టారు. "కమిటీకి సగం నిజమే చెప్పాను. నువ్వేమో నన్ను చూసినప్పుడల్లా దండం పెట్టేలా మొహం పెట్టేవాడివి. చెప్పబుద్ధి కాలేదు. నిజం చెప్పొద్దూ, బాగుండేది అలా చూస్తుంటే."

"ఇది రాయమంటారా?"

"నాలుగు పొగడ్తల మధ్య ఇదీ పెట్టు. పెట్టకపోతే అది నా గురించి కాదు."

ఈ వ్యాసకర్తకు పట్టరాని కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తన అపరాధ భావమంతా వృథా అయినట్టూ, ఎవరో తనను పదకొండేళ్ళు మోసం చేసినట్టూ అనిపించింది. మూడో రోజు కూర్చుని పై పేరాలన్నీ రాశాడు. మేడమ్ ఆ కాగితాలను చదివి, ఒక్క అక్షరమూ మార్చకుండా, "అచ్చుకు ముందు మాస్టారు చూడాలి" అన్నారు.

ఇద్దరూ కలిసి వెళ్ళారు. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని కళ్ళజోడు సర్దుకొని, రెండుసార్లు చదివారు. మేడమ్ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడే ఉన్నారు. మాస్టారు పలక అందుకుని చాలాసేపు రాశారు. "ఏం రాస్తున్నారండీ, ముందు నాకు చూపించండి" అని ఆయన భార్య కంగారుపడి వంగి చూసి, చూసి, చప్పున నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో తెలియలేదు. పలక మేడమ్ చేతికి వచ్చింది.

"మూడు అధ్యాయాల్లోనూ ఆకాశాన్ని ఆకాసం అన్నావు. నొచ్చుకుంటావని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. రిటైరవుతున్నావుగా. మళ్ళీ చదువు."

చెవులే జీవనాధారంగా బతికేవాడు, ఆ అధ్యాయాలను తన చేతులతో సంకలనం చేసినవాడు, ఈ వ్యాసకర్తకూ అది వినపడలేదు. మేడమ్ అక్కడే కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకొని, "ఆకాసం" అన్నారు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఆకాశం" అన్నారామె. ఇంకొకసారి అన్నట్టు ఆయన వేలు ఎత్తారు.

వచ్చే నెల నుండి మంగళ, గురువారాల ఉదయాలు ఆమె మన స్టూడియోలో మైకు ముందు, మాస్టారు గాజు తలుపుకు ఇవతల పలకతో కూర్చుంటారు. ఆ మూడు అధ్యాయాలు తప్పు లేకుండా ముగిసేవరకూ, ముగిశాక ఆయనకు నచ్చే మరెన్నో పుస్తకాలు చదివేవరకూ, ఆమెకు నిండైన ఆరోగ్యమూ, అలసట ఎరుగని కంఠమూ, ఆమెను దిద్దుతూ ఉండడానికి మాస్టారికి సుదీర్ఘమైన ఆయుష్షూ సమకూరాలని, సహోద్యోగులందరి పక్షాన, ఇంకా తేరుకోని ఈ వ్యాసకర్త మనసారా కోరుకుంటున్నాడు.