పల్లంరాజుగారి సున్నం వైద్యం

కొవ్వూరు రైల్వేగేటు పక్క టీ కొట్టు బల్ల మీద పల్లంరాజుగారు కూర్చున్నారంటే ఎవరి టీ అయినా చల్లారిపోవాల్సిందే. ఆ పొద్దున చంద్రరావు అసలు గ్లాసే ముట్టుకోలేదు. ఒళ్ళో హార్లిక్స్ సీసా, అందులో ఓ పక్కకి ఒరిగిపోయి, ఉండుండి నోరు తెరుస్తున్న బంగారు చేప. అది వాళ్ళావిడ వెంకటదుర్గది. రెండో బిడ్డ కూడా కడుపులోనే పోయి, పది రోజులుగా రాజమండ్రి ఆసుపత్రిలో ఉందావిడ. వెళ్ళేటప్పుడు "చేప జాగ్రత్త" అని ఒక్కమాటే అంది. ఈ మధ్యాహ్నం ఇంటికొస్తోంది.

నాలుగు రోజుల కిందట చేప రెక్కలూ తోకా చిరగడం మొదలైంది. రాజుగారు భీమవరం వైపు చేపల చెరువులు చేసిన మనిషి కదా అని, నిన్న ఆయన చెప్పిన వైద్యం విని చంద్రరావు ఇంటికెళ్ళి గాజుతొట్టిలో గుప్పెడు సున్నం కలిపేశాడు. చెరువుల ఊళ్ళలో చేపకి ఏమొచ్చినా ముందు చల్లేది సున్నమే, అనుమానం ఎందుకొస్తుంది? తెల్లారేసరికి చేప ఇలా అయింది. మంచినీళ్ళలోకి మార్చినా తేరుకోలేదు.

"రాజుగారండీ, ఆ సున్నం వేశాక..." అని మొదలెట్టాడు చంద్రరావు.

"అక్కడికే వస్తున్నానయ్యా, ఆగు!" రాజుగారు బల్ల మీద బాసింపట్టు వేసుకున్నారు. "మా సత్యనారాయణరాజు బావగారింట్లో గాజుతొట్టి. చేపకి తోక అంచు కొంచెం చిరిగింది. పెద్ద పెద్ద డాక్టర్లొచ్చి పెదవి విరిచేశారు. నేను గుమ్మంలోంచే చూసి, ఇది తోకతెగులు, గుప్పెడు సున్నం తెండి అన్నాను. వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండి?" అన్నాడు గేటుమేన్ లోవరాజు.

"తోక మొలిచింది! గంటలో జానెడు, మర్నాటికి మూరెడు, సాయంత్రానికి తొట్టి దాటి నేలమీద జీరాడుతోంది. కాళ్ళకి అడ్డం పడుతోందని ఆడాళ్ళు గోలపెడితే టైలర్ని పిలిపించి కత్తిరించాం. ఆ ముక్కకి అంచు కుట్టించి మా మేనకోడలు ఓణీ వేసుకుంది, ఒట్టు!"

అందరూ నవ్వారు. చంద్రరావుకి భయం తప్ప ఇంకేమీ లేదు. చేప నోరు తెరవడం ఇంకా ఇంకా ఆలస్యమవుతోంది.

"సున్నం ఎక్కువైతే ఏం చెయ్యాలండి?"

"ఎక్కువవడమేంటి, నా చేతి కొలతకి తిరుగుందా? ఆ సంగతి గోదారంతా పాకిపోయింది. మర్నాడు స్నానానికి దిగుతానా, గట్టు పొడుగునా పులసలు! సముద్రంలోంచి ఎదురీదొచ్చి, ఆసుపత్రిలో చీటీలకి నిలబడ్డట్టు నిలబడ్డాయి. ఒక్కొక్కటీ రెక్క చాపడం, నేను చూసి మందు చెప్పడం. బ్రిడ్జి మీద రైలాపేసి డ్రైవరు కూడా..."

"రాజుగారూ!" చంద్రరావు లేచాడు. సీసా తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టేశాడు. "నిన్న మీరు చెప్పినట్టే వేశానండి. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. మధ్యాహ్నం మా ఆవిడొచ్చేస్తుందండి."

రాజుగారు సీసాకేసి చూశారు, చంద్రరావుకేసి చూశారు.

"గాజుతొట్టి చేపని ఇంత దగ్గర్నించి చూడ్డం ఇదే మొదలయ్యా," అన్నారు చివరికి. "ఏదో కాలక్షేపానికి చెప్పాను. నువ్వు నిజంగా వేసేస్తావనుకోలేదు."

ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతున్న ఏసమ్మ తన బుట్ట పక్కనుంచి లేచొచ్చి, ఆయన చేతిలోంచి సీసా తీసుకుని వెలుతురుకి పట్టింది. చేప అప్పటికే నోరు తెరవడం మానేసింది.

"తెగులైతే అంచు తెల్లబడి కుళ్ళుద్ది బాబూ. ఇదేమో గాట్లు గాట్లుగా తెగింది. దీనికి రోగం లేదు. ఏదో కొరికింది. తొట్టిలో ఇంకో చేపుందా?"

చంద్రరావు బల్ల మీద కూలబడ్డాడు.

"ఉండేది ఏసమ్మా. చారల చేప. సున్నం దెబ్బకి ముందు అదే చచ్చిపోయింది. ఆవిడ ఆసుపత్రికెళ్ళిన మర్నాడు, ఇది ఒంటరిదైపోయిందని, తోడుంటుందని, నేనే తెచ్చి వేశాను."