చెవులబ్బాయి సెలవు

ఇదేం రాత తమ్ముడూ! "ముద్దుల పిల్లలూ, మీ చెవులబ్బాయి ఈరోజుతో శాశ్వతంగా సెలవు తీసుకుంటున్నాడు" అట! శాశ్వతంగా! కార్టూన్ గాడిద నోట్లోంచి రావాల్సిన మాటేనా అది? పక్కన మళ్ళీ "ఉత్సాహంగా" అని రాశారు. ఉత్సాహంగా ఎలా చెప్పాలో నువ్వొకసారి చెప్పి చూపించు, నేర్చుకుంటా.

అసలు నా మాట వినపడుతోందా నీకు? అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తుతావు, అంతే. ఆ మైకు మీట నొక్కి ఒక్క మాట అనొచ్చుగా? అనవు. కొత్త కంపెనీ కోటు సారు కారిడార్లో తచ్చాడుతున్నాడని భయం. తచ్చాడనీ. రేపట్నుంచి వాళ్ళు ఈ ఛానల్లో గిన్నెలూ మూకుళ్ళూ అమ్ముకుంటారు. ఈ పూట వరకూ ఈ గది నాది.

ఏసీ అప్పుడే పీకేశారా? ఊపిరాడటం లేదు. తలుపు తీయమంటే బయటి చప్పుడు లోపలికొస్తుందంటావు. ఇరవై ఏళ్ళు పైబడింది నాయనా ఈ తలుపు వెనక. లోపల ఎవరైనా కేకలేసి చచ్చినా బయటికి తెలీదు. అంత బాగా కట్టించాడు పెద్దాయన.

నువ్వు కొత్తవాడివి, నీకు పెద్దాయన తెలీదు. ఈ ఛానల్ పెట్టిన మనిషి. వార్తల్లేవు, సినిమాల్లేవు, ఏడుపు సీరియళ్ళు లేవు. పొద్దస్తమానం కార్టూన్లే. అందరూ నవ్వారు. "రోజంతా బొమ్మలాటలెవరు చూస్తారయ్యా, పిల్లలు బడికెళ్ళరా?" అన్నారు. "వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారుగా" అన్నాడట. అంతే ఆయన లెక్క!

నేనప్పుడు బస్టాండులో అనౌన్సరుని. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం. ఆయన నా గొంతు వింటూ నిలబడి ఎక్కాల్సిన బస్సు పోగొట్టుకున్నాడు. నేరుగా వచ్చి నా గది తలుపు కొట్టి, "అమ్మాయ్, నువ్వు ఎలుకలా మాట్లాడగలవా?" అన్నాడు. పిచ్చివాడనుకున్నా. కానీ మాట్లాడా. ఏం చెయ్యను, అడిగితే కాదనలేని నోరు నాది.

పరుపుల దుకాణం మీద రెండు గదులు. అదీ స్టూడియో. కింద దూది ఏకుతుంటే పైన మేం రికార్డింగులు చేసేవాళ్ళం. అమ్ముడుపోని పరుపులు తెచ్చి గోడలకి నిలబెట్టారు, చప్పుడు రాకుండా. బయటిదేశం కార్టూన్లు కొనుక్కొచ్చేవాడు పెద్దాయన. రాణీ నేనే, ఎలుకా నేనే, చెట్టు మీద గాలీ నేనే. ఒకసారి ఎలుకా రాణీ పోట్లాడుకునే చోట నాతో నేనే తిట్టుకుని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నా. నవ్వకు.

మా ఆయన వచ్చింది అప్పుడే. వైద్యం చదివే పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసేవాడు. గుండెకాయలు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. "సొంత బొమ్మ కావాలయ్యా మనకి, ఒక గుర్రాన్ని గియ్యి" అన్నాడు పెద్దాయన. మనిషి లోపలిదంతా గీసినవాడికి గుర్రం బయటిది రాలేదు! చెవులు పెరిగిపోయాయి, కాళ్ళు పొట్టివైపోయాయి. ఆ కాగితం చూసి నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, ఊపిరి లోపలికి లాగుతూ వచ్చే నవ్వు, నిజంగా ఓండ్ర పెట్టినట్టే. పక్కగదిలోంచి పెద్దాయన అరుపు: "ఎవరది? ఆ నవ్వు మళ్ళీ నవ్వండి!"

అదీ తమ్ముడూ, చెవులబ్బాయి పుట్టుక. మా పెళ్ళికీ అదే ముహూర్తం అనుకో.

తర్వాత చూడాలి! బడి వదిలారంటే వీధిలో సైకిల్ ఉండేది కాదు. పిల్లలంతా టీవీల ముందే. మంగలి షాపుల్లో చెవుల దగ్గర జుట్టు నిక్కబెట్టించుకునేవాళ్ళు. మేష్టర్లు "గాడిదా" అని తిడితే పిల్లలు పొంగిపోయేవారట, ఇంక ఏమని తిట్టాలో తెలీక మేష్టర్లు చచ్చేవాళ్ళు. మా కార్టూన్ టైముకి కరెంటు పోతే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని కరెంటాఫీసుకి వెళ్ళిన రోజులున్నాయి. ఈ మేడ అప్పుడే కట్టారు. కింద హాల్లో బొమ్మలు గీసేవాళ్ళు బారులు తీరి కూర్చునేవాళ్ళు, మా ఆయన వాళ్ళందరికీ పెద్ద.

నా మొహం మాత్రం ఎవరికీ తెలీదు. కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ నా ముందే తన బుడ్డోడితో "ఏడవకురా, చెవులబ్బాయి వింటే నవ్వుతాడు" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నా.

నా గొంతుకి మాత్రం కాపలా పెట్టారు. కాగితం మీద రాయించుకున్నారు, ఆ గొంతు ఛానల్‌ది, ఇంకెక్కడా వాడకూడదని. సినిమా వాళ్ళొచ్చి అడిగినా వెళ్ళడానికి లేదు. పెద్దాయన మంచివాడే, కానీ భయస్తుడు. చల్లనీళ్ళు తాగొద్దమ్మా, దుమ్ములోకి వెళ్ళొద్దమ్మా, ఇంట్లో మాట్లాడొద్దమ్మా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇక్కడ అరిచి వెళ్తే, ఇంటికెళ్ళాక గొంతుకి విశ్రాంతి ఇవ్వాలి. ఇచ్చా. మా ఇంట్లో అన్నీ సైగలే. ఉప్పు తక్కువైతే వేలు, తలుపేయమంటే కన్ను. పోట్లాట కూడా గిన్నెలతోనే. నేనొకటి ఠంగున పెడితే ఆయనొకటి ఠంగున పెట్టేవాడు. చుట్టాలొస్తే "మీ ఆవిడ మూగదా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

మాట్లాడుకున్నదంతా ఇక్కడే. నువ్వు కూర్చున్నావే, ఆ కుర్చీలో కూర్చుని నన్ను చూస్తూ గీసేవాడు. బొమ్మ పెదవులు నా మాటకి సరిపోవాలిగా. "అ" అంటే ఎంత తెరుస్తానో, "మ" అంటే ఎలా మూస్తానో, అన్నీ కాగితాల మీద. గోడ నిండా నా నోరే అతికించేవాడు. కళ్ళు లేవు, ముక్కు లేదు, ఉత్త నోరు! "నన్నెప్పుడు గీస్తారండీ?" అని అడిగా ఒకసారి, గాడిద గొంతుతోనే. "ఇదంతా ఎవరనుకున్నావ్?" అన్నాడు.

అదే బాగుండేదిలే. బాగున్నప్పుడు బాగుందని ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత ఇంటింటికీ ఫోన్లొచ్చాయి, వేలితో తోస్తే బొమ్మలు. చెవులబ్బాయి కోసం సాయంత్రం దాకా ఎందుకు ఆగుతారు? ముందు ప్రకటనలవాళ్ళు జారుకున్నారు, తర్వాత బొమ్మలు గీసేవాళ్ళు. పెద్దాయన ఏవేవో చేశాడు. పెద్దవాళ్ళకి కార్టూన్లన్నాడు, పిల్లలకి పోటీలన్నాడు. చెవులబ్బాయికి ప్యాంటు తొడిగి, చేతిలో ఫోను పెట్టించాడు. "గాడిదకి ఫోనెందుకండీ?" అని మా ఆయన అంటే మొదటిసారి ఆయన మీద కేకలేశాడు. మునిగే పడవకి రంగులెన్ని వేస్తే ఏం?

చివరికి ఈ గిన్నెల కంపెనీకి అమ్మేశాడు. వీళ్ళకి కార్టూన్లు కాదు, ఛానల్‌కి ఉన్న అనుమతి కావాలి. అది గిన్నెలమ్మడానికి మార్పించుకునేదాకా పాత బొమ్మలే తిప్పి తిప్పి వేశారు. మధ్యలో "పిల్లలూ, చేతులు కడుక్కున్నారా?" అనడానికి నన్నుంచారు. మా ఆయన్ని ఇంటికి పంపించారు. కొత్త బొమ్మలు గీయించనప్పుడు ఆయనెందుకు?

మొదట్లో రోజూ పొద్దున్నే తయారయ్యి నాతోపాటు గేటు దాకా వచ్చేవాడు. వాచ్‌మన్‌తో కబుర్లాడి వెనక్కి వెళ్ళేవాడు. ఒకరోజు వెనక్కి వెళ్ళలేదు. ఊరి చివర ఎక్కడో బస్సు దిగి, ఇల్లెటో తెలీక నిలబడిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు తెచ్చి దింపారు. వయసు మరుపు అనుకున్నాం. తర్వాత ఒక సాయంత్రం "చూడు, వచ్చేసింది!" అంటూ కాగితం చూపించాడు.

గుర్రం తమ్ముడూ. చక్కటి గుర్రం. చెవులు చిన్నగా, కాళ్ళు పొడుగ్గా, వంక పెట్టడానికి లేదు. పెద్దాయన గుర్రం గియ్యమన్నది నిన్ననే అనుకుంటున్నాడు ఆయన.

ఏంటి, గడియారం చూపిస్తున్నావా? తెలుసు. అయిపోవచ్చింది, కాస్త ఓపిక పట్టు.

మొన్న వానల్లో, నేనిక్కణ్ణుంచి ఇంటికెళ్ళేసరికి గౌరవంగా లేచి నిలబడ్డాడు. "ఎవరండీ మీరు? కూర్చోండి, మా ఆవిడ వచ్చే వేళయింది" అన్నాడు. నేనేనండీ మీ ఆవిడని అన్నా. నవ్వాడు. మళ్ళీ చెప్పి చెయ్యి పట్టుకున్నా. ఇంక భయపడిపోయాడు. విదిలించుకుని స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. బతిమాలా, తిట్టా, ఏడ్చా. "ఎవరో ఇంట్లో జొరబడ్డారు" అని లోపల్నుంచి కేకలు! పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చింది. తలుపు పగలగొట్టించమంటారా అని అడుగుతోంది. ఏం తోచక, తలుపుకి నోరానించి, గాడిద గొంతుతో, "ఒరే మావా, నేన్రా, చెవులబ్బాయిని" అన్నా.

గడియ తీశాడు.

అప్పట్నుంచీ అంతే. ఇక్కడా గాడిదనే, ఇంట్లోనూ గాడిదనే. మాత్ర వేసుకోవాలన్నా, చొక్కా మార్చుకోవాలన్నా చెవులబ్బాయి అడగాలి. నన్ను చూడడు. టీవీ వైపు చూస్తూ సమాధానం చెప్తాడు. గొంతు అందులోంచే వస్తోందని ఆయన నమ్మకం. నేను వెనక నిలబడి మాట్లాడతా. కాగితం ప్రకారం అది కూడా తప్పేనేమో, ఛానల్ గొంతు ఇంట్లో వాడుకోవడం! కోటు సారుకి చెప్పకు.

నాకు జలుబు చేసి గొంతు పట్టేస్తే ఆ రెండ్రోజులూ ఆయన పస్తే. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడు, నా బతుకు అదే. ఛానల్ మూసేస్తున్నారని నీకు దిగులుగా ఉంది. నువ్వింకో చోట చేరతావు. నేనెక్కడ చేరను?

పోయిన ఆదివారం బుద్ధి గడ్డి తిని అడిగా. చెవులబ్బాయిలాగే. "ఒరే మావా, మీ ఆవిడ ఎలా ఉంటుందిరా?" అని.

"నోరు అందంగా ఉంటుంది" అన్నాడు. ఆగి, "కానీ మాట్లాడదు" అన్నాడు.

"ఎందుకు మాట్లాడదు?"

"ఏమో. నా మీద ఏదో కోపం. మొదట్నుంచీ అంతే. ఇంటికొస్తే నోరు విప్పదు. నేనడిగితే చెప్పదు. ఒరేయ్, నువ్వు అడిగి కనుక్కోరా."

వెనక నిలబడి, చీరకొంగుతో కళ్ళొత్తుకుని, "కోపమేం లేదు మావా" అన్నా.

"నీకేం తెలుసు, గాడిదవి" అన్నాడు.

ఇదిగో, నీళ్ళు తాగుతున్నా. ఏం కాలేదు. కూర్చో, లేవకు.

పొద్దున ఇక్కడికొచ్చేటప్పుడు ఏమనుకున్నానో తెలుసా? ఈ కాగితం చదవనని కోటు సారు మొహం మీదే చెప్పేద్దామని. సాయంత్రం ఇది వేస్తారు, ఆయన టీవీ ముందే ఉంటాడు. చెవులబ్బాయి వెళ్ళిపోతున్నానంటే ఏమైపోతాడు? అంత ధైర్యం రాకపోతే, సెలవన్న మాట ఎగరగొట్టి రికార్డు చెయ్యమని నీ కాళ్ళావేళ్ళా పడదామనే వచ్చా. నీతో ఈ సోదంతా చెప్పడం కూడా అందుకే మొదలుపెట్టా.

కానీ తమ్ముడూ, ఇందాకట్నుంచీ ఈ కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడుతుంటే ఒకటి అర్థమైంది. నాకిది చదవాలనే ఉంది. ఆయన వినాలనే ఉంది. ఆ చెవులబ్బాయిగాడు పోవాలి. పోయి, ఆ ఇంట్లో మేమిద్దరమే మిగలాలి. పిల్లల కోసమూ కాదు, ఛానల్ కోసమూ కాదు, నా కోసం. కట్టుకున్నవాడు పస్తుంటాడని తెలిసీ ఇలా అనుకునే ఆడదాన్ని ఏమంటారో అను. ఆ మీట నొక్కి మరీ అను.

అనవు.

మళ్ళీ తలుపేసుకుంటాడేమో. వేసుకోనీ. బయట నేను కూర్చుంటా. బస్సుల పేర్లయినా చదువుతూ కూర్చుంటా, నా గొంతుతోనే. తీస్తాడా? ఏమో. పెళ్ళికి ముందు ఆ పరుపుల గదిలో విన్న గొంతు ఎక్కడో ఒక మూల మిగిలి ఉండకపోతుందా? తీయకపోతే? తెల్లారేసరికి నేనే మెత్తబడి మళ్ళీ ఓండ్ర పెడతానేమో, అదీ చెప్పలేను. నా సంగతి నాకు తెలీదూ!

సరే, కానియ్యి. "శాశ్వతంగా" అన్న మాట కూడా ఉండనీ. ఒక్క దెబ్బకే చెప్పేస్తా, రెండోసారి అడక్కు.